ఆ పసుపు రంగు ఏమిటి బిడ్డా?

నేను గీతలు గీసి బతుకుతాను. ఈ మాట మా అపార్ట్‌మెంటులో ఒకసారి అన్నందుకు, సంక్రాంతి ముగ్గుల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. నా గీతలు వేరు. ఉపగ్రహం తీసిన ఫోటో కంప్యూటర్ తెర మీద పరుచుకుని ఉంటుంది. దాని మీద నది ఒడ్డు వెంట, అడవి అంచు వెంట, ఊరి చుట్టూ మౌసుతో చుక్క తరవాత చుక్క పెట్టుకుంటూ తిరిగి మొదటి చుక్క దగ్గరికి రావాలి. చుట్టు మూసుకోగానే పక్కన ఒక జాబితా తెరుచుకుంటుంది. లోపల ఉన్నది ఏమిటో అందులో ఎంచుకుంటే రంగు దానంతట అదే నిండుతుంది. అడవికి ఆకుపచ్చ, నీటికి నీలం, ఊరికి ఎరుపు, ఏమీ లేని చోటికి పసుపు. బేగంపేటలో ఒక నాలుగో అంతస్తులో పదహారేళ్ళుగా ఇదే పని. నాకు పాస్‌పోర్టు లేదు గాని, ఆఫ్రికాలో ఎన్నో నదుల ఒడ్డున నా వేలు నడిచింది.

"ఏమీ లేని చోటికి పసుపు" అని ఎంత తేలిగ్గా రాసేశానో చూశారా. ఈ టపా దాని గురించే.

2021లో కరోనా వల్ల ఇంటి నుంచే పని చేసేవాళ్ళం. ఉప్పల్‌లో మా ముందు గదిలో కిటికీ పక్కన నా బల్ల, బల్ల పక్కన మా నాయన మంచం. నాయన కొల్లాపూర్ వైపు మనిషి, యాభై ఏళ్ళు గొర్రెలు కాశాడు. మోకాళ్ళు అరిగాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. టీవీ ఆయనకు నచ్చలేదు, నా తెర నచ్చింది. "గుట్ట మీద నిలబడి చూస్తున్నట్టుంది" అంటూ గంటలు గంటలు చూసేవాడు.

ఆ వారం నా వంతుకు వచ్చిన ముక్క గినీ దేశానిది. పశ్చిమ ఆఫ్రికాలో అట్లాంటిక్ ఒడ్డున ఉంటుంది. దాని నడుమ ఫూటా జలాన్ అనే ఎత్తయిన ఇసుకరాతి పీఠభూమి, పెద్ద పెద్ద మెట్లు కట్టినట్టుగా. గాంబియా నది పుట్టేది అక్కడే. సెనెగల్ నదికి మూలమైన బాఫింగ్ పుట్టేదీ అక్కడే. బాఫింగ్ అంటే మాండింగ్ భాషలో నల్ల ఏరు అని చెబితే, నాయన కాసేపు ఆలోచించి, "మన కృష్ణమ్మ పేరే కదా" అన్నాడు. ఏరు మెట్టు దిగే చోటల్లా ఒక జలపాతం. కింకోన్, కంబదాగ, డిటిన్, సాలా. మెట్టు పైభాగం మాత్రం చదును. అక్కడ గడ్డి, గడ్డి మధ్య ఎర్రటి రాతి పలకలు. నేను చకచకా చుట్టుకుంటూ పసుపు నింపేస్తున్నాను.

"ఆ పసుపు రంగు ఏమిటి బిడ్డా?"

"ఖాళీ జాగా నాయనా."

"ఖాళీ అంటే? గడ్డి లేదా?"

ఫోటోను పెద్దది చేశాను. గడ్డి ఉంది. దాని మధ్య పాపిడి తీసినట్టు సన్నటి దారులు. ఒకటి కాదు, పదులు. అన్నీ వంకర టింకరగా వచ్చి ఒక మడుగు దగ్గర కలుస్తున్నాయి. నాయన మంచం మీంచి ముందుకు వంగి తెర మీద వేలు పెట్టాడు. "మనుషుల దారి ఊరిని వెతుక్కుంటుంది. ఇది నీళ్ళను వెతుక్కుంటూ పోతోంది, అంటే పశువుల దారి. ఎన్ని కాళ్ళు నడిస్తే ఇంత తెల్లగా పడాలి! దీన్ని ఖాళీ అని నీకు ఎవరు చెప్పారు?"

జాబితా చెప్పింది. అందులో పొలాల్లోనే ఐదు రకాలున్నాయి. వర్షాధారం, కాలువ కింద, తోట, ఇంకేవో. గడ్డినేలకు మాత్రం వేరే గది లేదు. రాళ్ళు, తుప్పలు, బీడు, గడ్డి అన్నీ కలిపి ఒకే అంకె. జాబితా తయారు చేసిన వాళ్ళను తిట్టుకుందామంటే, మన చరిత్రా అంతంత మాత్రమే. దేశం మొత్తానికి బంజరు భూముల అట్లాస్ మొదటిసారి 2000లో వచ్చింది. ఉపగ్రహ చిత్రాల నుంచి దాన్ని తయారు చేసింది మన బాలానగర్‌లోని సంస్థే. తుప్పలున్న నేల, లేని నేల రెండూ అందులో బంజరు కిందికే వెళ్ళాయి. బట్టమేక పక్షి బతికేది అలాంటి నేలలోనే. కర్నూలు వైపు రోళ్ళపాడులో దాని కోసమని 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ పేరులోనూ అరణ్యం దూరింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనిపించడం గగనమే.

హైదరాబాదులో ఉండి ఈ మాట ఎత్తితే గచ్చిబౌలి గుర్తుకు రాక మానదు. 2025 మార్చి చివర యూనివర్సిటీ పక్కన నాలుగు వందల ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ రోజుల్లో టీవీల్లో వాదనంతా అది అడవా, కాదా అనే. అడవి కాకపోతే ఇంకేమీ కాదన్నట్టు. ఆ చోటి పేరు కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువుల మేతకు వదిలిన నేల అని మా నాయనను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. జవాబు పేరులోనే పెట్టుకుని ఊరంతా ప్రశ్న అడిగింది.

మళ్ళీ గినీకి వస్తాను. ఆ ఎర్ర రాతి పలకల నేలను అక్కడి ఫులానీ కాపరులు తమ పులార్ భాషలో బోవల్ అంటారు. చాలా ఉంటే బోవే. ఇనుము, అల్యూమినియం ఎక్కువగా ఉన్న లాటరైట్ రాయి అది. పైన మట్టి బొత్తిగా పలచన. వానాకాలంలో నీళ్ళు ఇంకవు, వేసవిలో పెనంలా కాలుతుంది. చెట్టు వేరు దిగే వీలు లేదు కాబట్టి అక్కడ బతికేవన్నీ చిన్నవాళ్ళే. వాన పడగానే మొలిచి, నీళ్ళు ఆరేలోగా పూసి, కాసి, విత్తనం దులిపి వెళ్ళిపోయే మొక్కలు. ఎండాకాలం వెళ్ళి చూసినవాడికి ఏమీ లేదనే అనిపిస్తుంది. నా జాబితా రాసినవాడు ఎండాకాలం ఫోటోనే చూసి ఉంటాడు.

ఇలాంటి నేల చూడడానికి నాకు గినీ టిక్కెట్టు అక్కర్లేకపోయింది. మన వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద పరుచుకున్నది కూడా లాటరైటే, మూసీ పుట్టేది అక్కడే. ఆ ఆగస్టులో నాయనను కారులో తీసుకెళ్ళాను. జనమంతా వ్యూ పాయింటు దగ్గర సెల్ఫీలు దిగుతుంటే మేమిద్దరం ఒక ఎర్ర పలక పక్కన చతికిలబడ్డాం. పలక నిండా మశూచి మచ్చల్లా గుంటలు. ఒక్కో గుంటలో చెంచాడు నీళ్ళు. గుంట అంచున మట్టి ఉందా అంటే ఉంది, గోటితో గీకితే వచ్చేంత. అందులో ఆవగింజంత ఊదా పూలు, అగ్గిపుల్లలో సగం ఎత్తు కాడల మీద. నాయన అరచేత్తో పక్కనున్న గడ్డిని అదిమాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఉబికాయి. చెయ్యి తీశాడు, నీళ్ళు మళ్ళీ లోపలికి పోయాయి. రెండు మూడు సార్లు అలాగే చేసి చూపించాడు, చిన్నపిల్లాడు కొత్త బొమ్మ చూపించినట్టు. "చెట్టు తాగుతుంది, గడ్డి పట్టి ఉంచుతుంది" అన్నాడు. శాస్త్రం ఇంతకంటే చాలా చెబుతుందేమో గాని, నాకు ఆ రోజుకు అది చాలింది.

బోవల్‌కు ఇంకో చిక్కు ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద బాక్సైట్ నిల్వలు గినీవే. చాలా చోట్ల ఆ పలకే బాక్సైట్. పైన ఏమీ లేదని రాసిన పటం, కింద ఏమున్నదో తెలిసినవాడికి ఎంత సౌకర్యమో ఆలోచించండి. మన విశాఖ మన్యంలో కొండల నెత్తిన ఉన్నదీ ఇదే ఖనిజం. అక్కడి గొడవలు తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

నాయనకు మాత్రం బాక్సైట్ కంటే ఆవుల మీద ఆసక్తి. ఫూటా జలాన్ ఆవులను ఎన్‌దామా అంటారు. మూపురం ఉండదు, పొట్టిగా ఉంటాయి. త్సేత్సే ఈగ కుడితే వచ్చే జబ్బుకు మిగతా జాతులు కుప్పకూలుతుంటే ఇవి తట్టుకుని నిలబడతాయి. ఫోటో చూపిస్తే, "మూపురం లేకపోతే కాడి ఎక్కడ నిలుస్తుంది?" అని ఒక్కటే దిగులు.

పసుపు సంగతి నాయన పట్టుకున్నాడు. నీలం సంగతి నాకు నేనుగా తెలుసుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

అదే పనిలో కొంకూరే నది వచ్చింది. ఫూటా జలాన్‌లో పుట్టి నేరుగా అట్లాంటిక్‌లో కలుస్తుంది. నాకు రెండు ఫోటోలు ఇచ్చారు, 2018ది ఒకటి, 2021ది ఒకటి. మారిందేమిటో గీయాలి. పాత ఫోటోలో నది గోధుమరంగు తాడులా ఉంది. అది రాళ్ళ మీద దూకే చోటల్లా సుద్దముక్కతో గీకినట్టు తెల్లటి గీతలు, నురుగు అన్నమాట. కొత్త ఫోటోలో తాడు లేదు, గీతలు లేవు. ముదురు నీలం దుప్పటి, దాని వేళ్ళు ప్రతి లోయలోకీ చొరబడ్డాయి. సువాపిటి ఆనకట్ట అది. 450 మెగావాట్లు, జలాశయం నిండితే 253 చదరపు కిలోమీటర్లు. అంచు చుట్టి రావడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదటిసారి ఒక మేఘం నీడను కూడా నీళ్ళనుకుని కలిపేశాను. తనిఖీ విభాగం నుంచి వెనక్కి వచ్చింది, "మేడం, మేఘాన్ని ముంచేశారు" అన్న వ్యాఖ్యతో. ఆఫీసు గ్రూపులో వారం రోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. సరిచేసి, జాబితాలో జలాశయం ఎంచుకుని, నీలం నింపి పంపేశాను.

2023లో ఒకరోజు ఉప్పల్ నుంచి మెట్రోలో వెళుతూ ఫోనులో ఒక వ్యాసం చదువుతున్నాను. డెనీస్ మోల్ము అని గినీ జాతీయ హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, పనిచేసే వృక్షశాస్త్రవేత్త. 2018లో కొంకూరే మీద ఒక జలపాతం దగ్గర రాళ్ళకు అంటుకుని ఉన్న చిన్న మొక్కను సేకరించారు. లోకానికి అది కొత్త జాతి అని తేలింది. ఆమె పేరు మీదనే శాక్సికొలెల్లా డెనీసియే అని నామకరణం చేసి 2022లో ప్రచురించారు. కాని ఈలోగా శాస్త్రవేత్తలు ఆ చోటి ఉపగ్రహ చిత్రం తీసి చూస్తే జలపాతం లేదు. సువాపిటి నీళ్ళు ఎక్కేశాయి. మరెక్కడా ఆ మొక్క దొరకలేదు. బారసాల నాటికే బిడ్డ లేదు.

తార్నాక దాటింది, మెట్టుగూడ దాటింది. నేను ఫోను మూసి కూర్చున్నాను. ఆ సుద్దగీతల్లో ఏదో ఒకటి ఆ జలపాతం. ఏదో నాకు తెలియదు, కాని దాని మీద నీలం నింపింది నేను. ముంచింది నేను కాదని తెలుసు. మేఘాన్ని ముంచినందుకు వ్యాఖ్య రాసిన తనిఖీ విభాగం దీనికి ఏమీ రాయలేదు. రాసే గడి ఉంటే గదా.

పోడోస్టెమేసీ అనే ఆ కుటుంబం గురించి తరవాత చాలా చదివాను. ఉష్ణమండలంలో మూడు వందల దాకా జాతులున్నాయి, మన పడమటి కనుమల్లో కూడా కొన్ని ఉన్నాయి. చూస్తే పూల మొక్క అనుకోరు, నాచో పాచో అనుకుంటారు. మట్టి అక్కర్లేదు. నీళ్ళు ఉరికే చోట నున్నటి బండను పట్టుకుని బతుకుతాయి. వానాకాలమంతా జలపాతం కింద మునిగి పెరుగుతాయి. నీళ్ళు దిగి బండ బయటపడిన రోజుల్లో గబగబా పూస్తాయి. కాయ పగిలి ధూళి లాంటి విత్తనాలు రాతి మీద పడతాయి, మొక్క ఎండిపోతుంది. మళ్ళీ తడి తగలగానే విత్తనం చుట్టూ జిగురు ఊరి బండకు అతుక్కుంటుంది. చాలా జాతులకు ఊరు ఒక్కటే, ఒకే ఒక్క జలపాతం. కుండీలో పెట్టి పెంచుదామంటే ఒక పట్టాన లొంగవు.

దీన్ని నాయనకు చెబుతున్నాను. ఆనకట్ట కడితే ఏమవుతుందో వివరించబోతుంటే ఆయనే అందుకున్నాడు. "నీళ్ళు దిగితేనే దాని పని మొదలు. ఇంక దిగవు కదా."

ఆయనకు ఎలా తెలియదు? శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన మేత నేల మీద పెరిగిన మనిషి. ఇప్పటికీ వేసవిలో కృష్ణ వెనక్కి తగ్గితే అటువైపు గొర్రెల మందలు ఆ బురద నేలలోకి దిగుతాయి. పచ్చిక మొలుస్తుంది, నీళ్ళు వచ్చేదాకా మేస్తాయి. సప్తనదీ సంగమేశ్వరం గుడి కూడా అప్పుడే పైకి తేలుతుంది. "కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని విప్పి తీసుకెళ్ళి అలంపూర్‌లో మళ్ళీ కట్టారు. మాకు ఎకరానికి ఇంతని చేతిలో పెట్టారు. కంచకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు, ఎవరిదీ కాదు కదా." కోపంగా అనలేదు. నలభై ఏళ్ళ కిందటి సంగతి.

సువాపిటిలో మనుషుల లెక్క అయితే ఉంది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 101 ఊళ్ళు, పల్లెల నుంచి దాదాపు 16,000 మంది కదలాల్సి వచ్చింది.

ఇంత రాశాక ఆనకట్ట కట్టినవాళ్ళు దుర్మార్గులు అని తీర్పు ఇచ్చేస్తే బాగుంటుంది గాని, ఇవ్వలేను. గినీ రాజధాని కొనాక్రీలో ఇళ్ళలో కరెంటు లేక పిల్లలు విమానాశ్రయం ఆవరణలో దీపాల కింద కూర్చుని పరీక్షలకు చదువుకునేవాళ్ళు. శ్రీశైలం కరెంటు వాడుకుంటూ, ఇన్వర్టర్ పక్కన కూర్చుని, ఆ పిల్లలకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు. నా కోరిక చిన్నది. ఆనకట్టకు ముందు ఎవరో ఒకరు ఆ బండల దాకా దిగి చూడాలి, అదీ నీళ్ళు దిగిన రోజుల్లో. పక్క దేశం సియెర్రా లియోన్‌లో జలవిద్యుత్ పథకానికి ముందు అలా చూడబట్టే అక్కడి వృక్షశాస్త్రవేత్త అయ్యా లెబ్బీకి ఒక మొక్క దొరికింది. జాతి కాదు, ఏకంగా కొత్త ప్రజాతి, అంటే జాతికి పై మెట్టు. 2018లో దానికి ఆయన పేరు మీద లెబ్బియా అని పెట్టారు. ఆ పరిశోధనా పత్రం శీర్షికలోనే "దాదాపు అంతరించిన" అన్న మాట ఉంది.

గినీ వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. జాతీయ హెర్బేరియం, లండన్ క్యూ ఉద్యానవనం కలిసి దేశంలో మొక్కలకు ముఖ్యమైన 22 చోట్లను గుర్తించాయి. ఎత్తు గడ్డినేలల్లో ఊదారంగులో పూసే వెర్నోనియా జలోనెన్సిస్‌ను జాతీయ పుష్పంగా ఎంచుకున్నారు. గడ్డినేల మొక్కను నెత్తిన పెట్టుకున్న దేశం. బాఫింగ్ మధ్యభాగంలో 2021లో జాతీయ పార్కు ప్రకటించారు, పశ్చిమ ఆఫ్రికా చింపాంజీల కోసం. అదే నది మీద కూకుతంబా దగ్గర ఇంకో ఆనకట్ట ప్రతిపాదన కూడా ఉంది. ఆ చిక్కుముడి విప్పడం నా వల్ల కాదు.

నాయనకు బాగా నచ్చింది మాత్రం కప్ప. గినీ ఆగ్నేయ మూలలో నింబా పర్వతం ఉంది, శిఖరం 1,752 మీటర్లు. 1981 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం, 1992 నుంచి ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో. కారణాల్లో ఒకటి ఇనుప ఖనిజం. ఆ కొండ నెత్తిన 1,200 మీటర్లు దాటాక ఉండే గడ్డిలో బొటనవేలంత గోదురు కప్ప ఉంటుంది. అది గుడ్లు పెట్టదు. తోకకప్ప దశ బయట ఉండదు. తొమ్మిది నెలలు మోసి, నేరుగా పిల్లకప్పలను కంటుంది. గర్భంలోని పిల్లలకు తల్లి ఒంట్లో ఊరే ద్రవమే తిండి. వానలు వెనుదిరగగానే భూమిలోకి దిగి ఎండాకాలమంతా కడుపులో పిల్లలతో అక్కడే దాక్కుంటుంది, వానలకు పైకి వచ్చి గడ్డిలో ఈనుతుంది.

"గొర్రెకు ఐదు నెలలు. దీనికి తొమ్మిదా?" అన్నాడు నాయన. కాసేపాగి, "ఎండాకాలం ఫోటో తీస్తే అదీ కనపడదు కదూ" అన్నాడు.

పోయిన నెల ఫూటా జలాన్ పని మళ్ళీ వచ్చింది. కొత్త ఫోటోలు, అదే పాత జాబితా. వరసల చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది, ఎవరూ నింపరు. పసుపు వేసిన ప్రతిచోటా ఆ గడిలో బోవల్ అని కొట్టాను. మొత్తం 214. తనిఖీ కుర్రాడు ఫోను చేశాడు. "మేడం, ఈ మాట కింద ఎర్రగీత వస్తోంది, తప్పేమో, తీసేయనా?" వద్దన్నాను. అయినా చివరికి పంపిన ఫైలులో ఆ గడి మొత్తం లేదు. క్లయింటు అడిగిన నమూనాలో అది లేదట.

నా దగ్గరున్న కాపీ ఆ సాయంత్రం తెరిచి పెట్టాను. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఆనాటి మడుగును చూపించమన్నాడు. వెతికి పెద్దది చేశాను. మడుగు ఉంది. వంకర దారులూ ఉన్నాయి. వాటికి అడ్డంగా, గడ్డిని కోసుకుంటూ, స్కేలు పెట్టి గీసినట్టు వెడల్పాటి ఎర్ర రోడ్డు కొత్తగా పడింది. మడుగును తాకకుండా దాటుకుని పోయింది.

నాయన దాని వెంట వేలు నడిపించి తెర అంచు దాకా వెళ్ళాడు.

"ఇది నీళ్ళ కోసం వచ్చిన దారి కాదు" అన్నాడు.